బిల్లీ సింగ్ యుద్ధంలో గెలిచి వ్యవసాయంలో ఎందుకు ఓడిపోయాడు?

మొదటి ప్రపంచ యుద్ధంలో, టర్కీలోని గల్లీపోలీలో అంత పేరు తెచ్చుకున్న ఆస్ట్రేలియా స్నైపర్ (చాటు నుంచి గురిచూసి కాల్చేవాడు) బిల్లీ సింగ్, యుద్ధం అయ్యాక రైతుగా ఎందుకు నిలదొక్కుకోలేకపోయాడని అడిగారు. నేనుండేది బ్రిస్బేన్‌లో, పైగా మాజీ జవాను కొడుకుని, ఇక ఊరుకోబుద్ధి కాలేదు. మాజీ సైనికుడని ప్రభుత్వం ఇచ్చిన నేల పనికిరానిది, అంతే. తాగుడు, బద్ధకం అంటూ ఎవరేం చెప్పినా నేను నమ్మను.

సింగ్ అనగానే మన పంజాబీ అనుకునేవాళ్లు చాలామంది. కాదు. 1886లో క్వీన్స్‌లాండ్‌లోని క్లెర్మాంట్‌లో పుట్టాడు. తండ్రి షాంఘై నుంచి వచ్చినవాడు, తల్లి ఇంగ్లండు మనిషి. పశువులు తోలాడు, చెరకు కొట్టాడు, కంగారూలను వేటాడాడు. యూరోపు సంతతి కాదంటూ ఎందరినో వెనక్కి పంపేస్తున్న 1914లోనే గుర్రపు దళమైన లైట్ హార్స్ ఐదో రెజిమెంటులో చేరాడు. గల్లీపోలీలో ఆయన గురికి కూలినవాళ్లు లెక్కతేలినంత వరకే 150 మంది. ఒకసారి పక్కన దూరదర్శిని పట్టుకున్న టామ్ షీహన్‌కు తగిలిన టర్కీ తూటా అతని ముఖం చీల్చుకుని వచ్చి సింగ్ భుజంలో దిగింది. ఆ తర్వాత ఫ్రాన్స్, బెల్జియం, మళ్లీ గాయాలు, విషవాయువు. పతకాలు వచ్చాయి, ఊపిరితిత్తులు పోయాయి.

యూట్యూబ్‌లో ఎవరు చెప్పినా ఆ 150 దగ్గరే ఆగిపోతారు. ఆయన మీద టీవీ సీరియల్ తీసినప్పుడైతే ఏకంగా తెల్లనటుడినే బిల్లీ సింగ్‌ని చేశారు. సింగ్ తండ్రి వేషానికి అరవయ్యేళ్ల చైనా సంతతి నటుడు దొరకలేదట!

నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు వెస్ట్ ఎండ్‌లోని మాంటేగ్ రోడ్డుకి తీసుకెళ్లాను. సింగ్ 1943లో ఒంటరిగా చనిపోయింది ఆ వీధిలోని ఒక అద్దెగదిలో. గదిలో దొరికిన డబ్బు ఐదు షిల్లింగులు. ఇప్పుడక్కడ గోడకి ఒక ఫలకం ఉంది. అందులో రాసింది చదివి తెలుగులో చెప్పాను. నాన్న తుపాకీ గురించి ఒక్క ముక్క అడగలేదు.

“ఇచ్చింది ఎలాంటి నేలరా?”

“క్లెర్మాంట్ దగ్గర, గొర్రెలు మేపుకోమని ఇచ్చారు నాన్నా. మంచి నేల కాదట.”

“గొర్రెలకైనా గడ్డి మొలవాలి గదరా. మంచిదైతే మనదాకా ఎందుకొస్తుంది?”

ఆ ‘మన’లో ఆయనా ఉన్నారు. హవల్దారుగా రిటైరయ్యాక నాన్నకి కనిగిరి వైపు ఐదెకరాల మెట్టకి డి-పట్టా (ప్రభుత్వ భూమి ఇస్తూ రాసే పట్టా) వచ్చింది. కొలతల రోజు నేనూ వెళ్లాను. సర్వేయరు గొలుసు లాగుతుంటే అడుగడుక్కీ రాయికి పట్టుకునేది. మధ్యలో పెద్ద గుండు. “అది కూడా మీ ఐదెకరాల్లోదే సార్” అన్నాడు సర్వేయరు. బోరు వేస్తే దుమ్ము లేచింది. అమ్ముకుందామంటే పదేళ్లు ఆగాలి, ఆ తర్వాత ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడు గురించి రాస్తే ఇంకో జవాబవుతుంది. నాన్న చివరికి ఒంగోల్లో ఒక బ్యాంకు దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేరారు.

సింగ్ కూడా అంతే, గొర్రెలు వదిలేసి క్లెర్మాంట్ దగ్గరి మిక్లియర్‌లో బంగారం తవ్వడానికి పోయాడు. ఆయనొక్కడే కాదు. ఆస్ట్రేలియా మొత్తంగా సైనికులకు భూములిచ్చే పథకం ఎంత దెబ్బతిన్నదో 1929లో జస్టిస్ పైక్ విచారించి, నష్టం 2 కోట్ల 35 లక్షల పౌండ్లని తేల్చాడు. పెట్టుబడి లేకపోవడం, కమతాలు చాలకపోవడం, ధరలు పడిపోవడం అన్నీ రాశాడు. వచ్చినవాళ్లకి సేద్యం చేతకాదని కూడా ఒక కారణం రాశాడు, నాకు ఒళ్లు మండేది అక్కడే. పశువుల మధ్య పెరిగినవాడికి చేతకాకపోవడమేమిటి?

అదే యుద్ధంలో కేలబ్ షాంగ్ అని ఇంకో చైనా సంతతి ఆస్ట్రేలియన్ ఉన్నాడు. డీసీఎం అనే సాహస పతకం రెండుసార్లు, పైన మిలటరీ మెడల్. ఆయన కెయిర్న్స్‌లో టాక్సీ నడిపాడు, మూలికా వైద్యం చేశాడు. ఆ సంగతి చెబితే నాన్న, “వాడు తెలివైనోడు” అన్నారు.