ఏ రూపాయి, బిడ్డా?

మహబూబ్‌నగర్

బిడ్డా,

నల్లగొండ నుంచి నువ్వు పంపిన కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి పదకొండో పేజీలో కోపమొచ్చి పక్కన పడేశాను. రెండోసారి అదే పేజీలో ఇంకో వాక్యం కంటపడింది. ఈ ఉత్తరం దాని పుణ్యమే.

ముందు కోపం సంగతి. 1952లో ఆబిడ్స్ రోడ్డు మీద రెండంతస్తుల పెద్ద దుకాణం. షాండ్లియర్లు, నిలువుటద్దాలు, పాలరాతి మెట్లు, తలపాగా చుట్టిన దర్వాన్. వీటికి నాలుగు పేజీలు ఇచ్చావు. ‘గత వైభవపు నిట్టూర్పు’ అన్న మాట మూడుసార్లు వాడావు, లెక్కపెట్టాను. అంత దుకాణంలో ఒక్క వస్తువుకే ధర రాశావు. చేతిరుమాలు, 50 పైసలు. అదీ తప్పు.

1952లో 50 పైసలు ఎక్కడివి? నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అప్పటిదాకా రూపాయికి పదహారణాలు. పోనీ ఎనిమిదణాలే అనుకుందాం. ఏ రూపాయిలో ఎనిమిదణాలు? హాలీనా, కల్దారా? నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది, అది హాలీ. బయటి ఇండియా రూపాయి కల్దార్. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. పోలీస్ యాక్షన్ అయ్యాక కూడా కొన్నేళ్లు రెండూ చేతులు మారాయి. గల్లా మీద కూర్చున్నవాడు నీ కథలో ఒక్కసారన్నా ‘హాలీనా, కల్దారా?’ అని అడిగి ఉంటే నాకు నీ షాండ్లియర్లతో పనే లేకపోయేది.

నాకో పిచ్చి ఉంది. ఎరిగినవాళ్లు నవ్వుకుంటారు. కథలో ధర ఉండాలంటాను. పెండ్లి చేస్తే కట్నమెంతో రాయి, బస్సెక్కిస్తే టికెట్టెంతో రాయి, చంపితే కట్టెల ఖర్చెంతయిందో రాయి. దుకాణం కథకైతే ఇంక చెప్పేదేముంది? డిపార్ట్‌మెంట్ స్టోరన్నది నిలబడిందే ధర చీటీ మీద. పారిస్‌లో బూసికో అనే ఆయన 1852లో బాన్ మార్షే అనే దుకాణంలో భాగస్వామిగా చేరాడు. బేరాలు బంద్ పెట్టించి, సరుకు మీద ధర రాయించాడు. ఊరికే వచ్చి చూసిపోవచ్చన్నాడు, నచ్చకపోతే వాపసు ఇవ్వొచ్చన్నాడు. కొనేవాడి మొహం చూసి ధర చెప్పే రోజుల్లో అది చిన్న సంగతి కాదు. కలకత్తాలో వైట్‌వే లైడ్‌లా అని ఇంకో పెద్ద దుకాణం ఉండేది. వాళ్లు ఉద్దెర ఇవ్వరు. అందుకని ఇంగ్లీషువాళ్లే ఆ పేరును ‘రైట్ అవే అండ్ పెయిడ్ ఫర్’ (అక్కడికక్కడే, డబ్బు కట్టి) అని తిప్పి వెక్కిరించేవారట. ఆ ఒక్క వెక్కిరింతలో నాకు కౌంటరూ కనపడింది, కౌంటర్ వెనకాల మనిషీ కనపడ్డాడు. నీ నాలుగు పేజీల్లో దర్వాన్ మీసం తప్ప ఏమీ కనపడలేదు.

ఆబిడ్స్‌కు ఆ పేరెలా వచ్చిందో ఒక్క ముక్కలో దాటేశావు. అది దాటేసే మనిషా! ఆల్బర్ట్ ఆబిడ్ ఆర్మీనియా యూదుడు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఖాస్ నౌకరు. దొర బట్టలూ సామానూ చూసుకునేవాడే దుకాణం తెరిచాడు. దొర వాడి వదిలేసినవి ఆ దుకాణానికి చేరి మళ్లీ దొర ఇంటికే అమ్ముడుపోయేవని జనం చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ చెప్పుకోవడం మాత్రం ఆపలేదు. దుకాణం ఎప్పుడో పోయింది, పేరు ఆటోవాళ్ల నోట్లో మిగిలింది. మా పాలమూరుకు 1890లో పెట్టింది ఆ నిజాం పేరే. ఆబిడ్ గారి పెద్ద గిరాకీ పేరున్న ఊళ్లో కూర్చుని నీకు రాస్తున్నానన్నమాట.

ఆ మరుసటేడే వజ్రం గొడవ. జాకబ్ అనే వ్యాపారి ఒక వజ్రానికి 46 లక్షలు చెప్పాడు. మధ్యలో ఉన్నది మళ్లీ మన ఆబిడే. 23 లక్షలు ముందు కట్టాక నిజాం వద్దన్నాడు. కేసు కలకత్తా హైకోర్టుకెక్కింది, జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఏడో నిజాం చేతికొచ్చాక ఆ వజ్రం కాగితాలు ఎగిరిపోకుండా పెట్టే బరువయింది. అదెంత మెరిసేదో చెప్పమంటే ఎవడూ చెప్పలేడు. 46 లక్షలని మాత్రం చెబుతాడు.

ఇరవై ఏళ్ల వయసులో నేనిక్కడ గడియారం దగ్గర బట్టల దుకాణంలో గుమాస్తాను. ఒకపక్క నారాయణపేట, గద్వాల చీరలు, ఇంకోపక్క మిల్లు తానులు. సేటు ప్రతి తాను కొసకూ ఒక చీటీ కుట్టించేవాడు. దాని మీద అంకెలుండవు, అక్షరాలుంటాయి. ఆయనకో పది అక్షరాల మాట ఉంది, ఒక్కో అక్షరం ఒక్కో అంకె. కొన్న ధర ఆ అక్షరాల్లో ఉంటుంది. గిరాకీ బేరమాడుతుంటే చీటీ వంక చూసి ఎంతదాకా దిగొచ్చో మనసులో లెక్క కట్టుకోవాలి. ఆ మాటేమిటో నాకు చెప్పడానికి ఆయనకు ఏడు నెలలు పట్టింది. చెప్పిన రోజు జీతం పెంచలేదు గానీ చాయ్ తెప్పించాడు.

దాని మీద కథ రాశాను, పాత బిల్లు బుక్కుల వెనకవైపు. తిరుగు స్టాంపులు పెట్టి పంపితే నాలుగు చోట్ల నుంచి భద్రంగా తిరిగొచ్చింది. ఐదో చోట వేశారు. వేసిన సంపాదకుడు (పేరెందుకులే, పోయాడు) చీటీ సంగతంతా కొట్టేసి, ‘లెక్కల పుస్తకంలా ఉంది’ అని కార్డు రాశాడు. ‘ఉద్దెర’ అన్న చోటల్లా ‘అరువు’ అని దిద్దాడు. మా సేటు పుట్టి బుద్ధెరిగాక అరువు అన్న పాపాన పోలేదు. అచ్చయిన కథ తీసుకెళ్లి ఆయనకిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, ‘ఎవరి దుకాణమిది?’ అని అడిగాడు. నలభై ఏళ్లు దాటినా ఆ కార్డు మీద నాకింకా మంటే.

ఇప్పటి సంపాదకులు అరువు అని దిద్దరు, వాళ్లకింకో జబ్బు. మూతపడ్డ సినిమా హాలు, మూతపడ్డ ఇరానీ హోటల్, మూతపడ్డ పోస్టాఫీసు. చివర షట్టర్ ముందు ఒక పావురం. నీ కథ చివరా ఉంది. తీసెయ్.

దుకాణం ఎందుకు పడిపోయిందో నీకు తెలుసు. ఉత్తరంలో రాశావు, కథలో రాయలేదు. దేవిడీలకు, అంటే జాగీర్దార్ల మేడలకు, నెలనెలా మూటలు కట్టి బండ్లలో పంపేవాళ్లమని, డబ్బు అడగకుండా ఖాతాలో రాసుకునేవాళ్లమని మీ తాత చెప్పాడట కదా. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. ఇంక బండి పోదు, ఖాతా పుస్తకం పట్టుకుని మనిషి పోతాడు. గేటు దగ్గర నౌకరు ‘సాబ్ లేరు’ అంటాడు. మళ్లీ వారం పోతాడు, మళ్లీ లేరు. ఇంత కథ ఇంట్లో పెట్టుకుని నువ్వు పోయి ఆన్‌లైన్ షాపింగ్‌ను తిట్టావు! యాభైల్లో మూతపడ్డ దుకాణానికీ నువ్వు ఫోన్లో కొనే చీరకీ ఏం సంబంధం?

ఇప్పుడు ఆ వాక్యం. ప్యాకింగ్‌లో పనిచేసే మనిషి రాత్రి ఇంటికొచ్చి, జేబులోంచి తెగిన పురికొస ముక్కలు తీసి ముడేస్తూ ఉండ చుడతాడు. చూపుడువేలి మీద కోసుకుపోయిన గీత. ఒకటిన్నర వాక్యం రాసి మళ్లీ మెట్ల మీదికి పరిగెత్తావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. బాగుంది. అయితే పురికొస అన్నావు, మీ తాత సుతిలి అని ఉంటాడు. ఆయన లేడన్నావు కాబట్టి మీ నాయినను అడుగు.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు ధరలు పెట్టు. మిగతా ప్రశ్నలకు ఇంకోసారి రాస్తాను, చెయ్యి నొప్పిగా ఉంది.

ఆ ఉండ ఇంకా మీ అటక మీదే ఉందన్నావు. దించి, కిరాణా కొట్టుకు తీసుకెళ్లి తూకం వేయించు. ఎంతుందో కార్డు ముక్క రాయి. అప్పట్లో సుతిలి సేరెంతకొచ్చేదో ఇక్కడ మార్కెట్లో ఒకరిద్దరు ముసలివాళ్లున్నారు, వాళ్లను నేను అడిగి పెడతాను.