దండలో దారం ఎక్కడుంది?

ప్రియమైన అమ్మాయికి ఆశీస్సులు.

ప్రొటీన్ల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ "అమైనో ఆమ్లాలు పూసల దండలా ఉంటాయి" అన్న చోటే ఆగిపోయాను. దండలో పూసలు వేరు, దారం వేరు. ప్రొటీన్‌లో ఉన్నవి దాన్ని కట్టే చిన్న అణువులైన అమైనో ఆమ్లాలే, విడిగా దారమంటూ ఏదీ లేదు. ఒక అమైనో ఆమ్లపు కార్బాక్సిల్ (COOH) కొస పక్కదాని అమైనో (NH₂) కొసతో కలుస్తుంది, ఒక నీటి అణువు బయటికి పోతుంది. ఆ అతుకే పెప్టైడ్ బంధం. పూసలే ఒకదాన్నొకటి పట్టుకుని దారమైపోతున్నాయి. ఇంత అందమైన సంగతిని నీ ఉపమానం కప్పేసింది.

నీటి సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. మనం తిన్న పప్పులోని ప్రొటీన్‌ను పొట్టలో, పేగుల్లో ఎంజైములు విడగొట్టేది, ప్రతి అతుకు దగ్గరా ఒక నీటి అణువును మళ్లీ చేర్చే కదా! అక్కడ ఇంకో పేరా రాయి.

ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు కాబట్టి 50 బంధాలన్నావు. అవి రెండు గొలుసులమ్మా, ఒకటి 21, ఇంకొకటి 30. అంటే 20, 29 కలిపి 49. గొలుసులను కలిపేవి గంధకపు వంతెనలు.

ఇక అసలు తప్పు. పుస్తకంలో పెప్టైడ్ బంధపు కార్బన్, నైట్రోజన్ మధ్య ఒకే గీత చూసి, ఆ బంధం ఎటైనా తిరుగుతుందని రాశావు. తిరగదు. మామూలు ఏకబంధం పొడవు సుమారు 1.47 ఆంగ్‌స్ట్రాములైతే (ఆంగ్‌స్ట్రామంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు), ఇది 1.33. నైట్రోజన్ ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపు పరుచుకోవడంతో కొంత ద్విబంధంలా బిగుసుకుంది. అందుకే అక్కడి ఆరు పరమాణువులూ ఒకే చదునులో ఉంటాయి. మలుపులన్నీ ఆల్ఫా కార్బన్ల దగ్గరే, అంటే ప్రతి అమైనో ఆమ్లంలో ఆ రెండు కొసల మధ్య ఉండే కార్బన్ దగ్గరే.

1948లో ఆక్స్‌ఫర్డ్‌లో జలుబుతో మంచం పట్టిన అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్, కాగితం మీద గొలుసు గీసి, ఈ చదును చెడకుండా మడిచి చూశారు. ప్రొటీన్ గొలుసు మరమెట్లలా చుట్టుకునే ఆకారం, ఆల్ఫా హెలిక్స్, అలా దొరికింది. 1951లో ప్రచురించారు. ఆల్ఫా కార్బన్ దగ్గర ఏ మలుపులు కుదురుతాయో 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం పటం గీసి చూపింది. నువ్వూ ఒక కాగితం మడిచి చూశాకే ఆ పేరా తిరగరాయి. చేత్తో చూసింది వాక్యంలోకి వస్తుంది.

ఉపమానం కావాలంటే సైకిల్ చైన్ చూడు. పలకలు వంగవు, పిన్నుల దగ్గరే కదలిక. కాకపోతే చైన్ ఒకే తీరుగా తిరుగుతుంది, ప్రొటీన్‌కు ప్రతి ఆల్ఫా కార్బన్ దగ్గరా రెండు తిరుగుళ్లు. ఆ తేడా కూడా పాఠకుడికి చెప్పెయ్.

తొందరేం లేదు, టెన్షన్ పడకు. సవరించిన ప్రతి పంపు, చదువుతాను.