ఆ అడ్రస్ బుక్ పని వదులుకోకు తమ్ముడూ

పరకాల దగ్గరి నుంచి ఒక తమ్ముడు రాశాడు. బీసీఏ అయిపోయింది, హనుమకొండలో ఒక విత్తనాల కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటున్నాడు. 60 మంది స్టాఫ్, మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ మీద నడుస్తోంది. ఇప్పుడు ఓనర్ పిలిచి, అందరి మెయిల్ ఐడీలు, నంబర్లు ఒక్కచోట ఉండాలి, ఎవరి సిస్టమ్‌లో పేరు కొట్టినా రావాలి అన్నాడట. నాన్నేమో ఇది క్లర్కు పని, మానేసి అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సు చేయమంటున్నాడు. ఏం చేయాలి సార్, టెన్షన్‌గా ఉంది అని అడిగాడు.

తమ్ముడూ, నాన్న బాధ నాకు అర్థమైంది, కానీ ఇది క్లర్కు పని కాదు. నువ్వు చేయబోయేది డైరెక్టరీ సర్వర్, అంటే అందరి వివరాలూ ఒక్కచోట పెట్టుకుని ఏ సిస్టమ్ అడిగినా ఇచ్చే సర్వర్. మిగతా సిస్టమ్‌లు దానితో మాట్లాడే భాష ఎల్‌డాప్ (LDAP), 1993 నుంచి ఉంది. పెద్ద కంపెనీల్లో లాగిన్లు నడిపే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ కూడా ఇదే భాష మాట్లాడుతుంది. కోర్సులో దీన్ని ఎవరో తయారుచేసిన ల్యాబ్‌లో చూస్తావు, ఇక్కడ 60 మంది నిజంగా వాడుకునేదాన్ని నీ చేతులతో కడతావు.

ఆ సర్వర్ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎల్‌డాప్. దాన్ని ఇన్‌స్టాల్ చేయడం పది నిమిషాల పని, అసలు కష్టం మనుషుల పేర్లతోనే. ఒక్కో మనిషి వివరాలు నింపే ఇనెట్‌ఆర్గ్‌పర్సన్ అనే నమూనాలో పూర్తి పేరుతో పాటు ఇంటిపేరు గడి (ఎస్ఎన్) కూడా తప్పనిసరి, అది ఖాళీగా ఉంటే సర్వర్ ఎంట్రీని తీసుకోదు. మన దగ్గరేమో గోదాములో పనిచేసే రాజయ్యకు రికార్డులో ఇంటిపేరే ఉండదు, ఇంకొకరికి ఒక్క అక్షరం ఉంటుంది. కాబట్టి ముందు హెచ్ఆర్ వాళ్లతో కూర్చుని, లేనివాళ్లకు ఆ గడిలో ఏం రాయాలో ఒక పద్ధతి ఖాయం చేసుకో. ప్రతి ఎంట్రీకి గుర్తుగా పేరు కాకుండా ఉద్యోగి నంబర్ పెట్టు, ఏ ఆఫీసులో చూసినా ఇద్దరు శ్రీనివాస్‌లు ఉంటారు కదా.

ఎక్సెల్ ఫైల్ తీసుకెళ్లి ఒక్కో సిస్టమ్‌లో ఇంపోర్ట్ చేసే దారి మాత్రం పట్టకు. ఆరు నెలల తర్వాత మానేసిన మనిషికి కొటేషన్లు పోతుంటాయి, కొత్తగా చేరినవాళ్లు ఎవరికీ కనపడరు. ఎల్‌డాప్‌లో ఒక్కచోట మారిస్తే థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్‌లోనూ, వెబ్‌మెయిల్‌కు రౌండ్‌క్యూబ్ వాడితే అందులోనూ మారిపోతుంది. ఫీల్డ్‌లో తిరిగే సేల్స్ వాళ్లకు ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి వాళ్లకు కార్డ్‌డావ్ (ఫోన్ కాంటాక్ట్‌లను సర్వర్‌తో కలిపి ఉంచే పద్ధతి) తేలిక. రాడికేల్ అనే చిన్న సర్వర్ పెట్టి, ఫోన్లలో డావ్‌ఎక్స్ ఫైవ్ యాప్ వేస్తే సరిపోతుంది. అయితే రెండుచోట్లా చేత్తో ఎక్కించొద్దు, ఎల్‌డాప్‌నే అసలు లెక్కగా పెట్టుకుని అక్కడి నుంచి కార్డ్‌డావ్‌కు పంపే చిన్న స్క్రిప్ట్ రాసుకో, పైథాన్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా. ఓపెన్‌ఎల్‌డాప్‌లో అనుమతులు నువ్వు రాయకపోతే, పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా చదవొచ్చు. నేను ఉద్యోగం చేసిన ఒక ఆఫీసులో అలాగే 389 పోర్టు (ఎల్‌డాప్ సర్వర్‌లోకి వెళ్లే దారి) బయటికి తెరిచి వదిలేశారు, ఆడపిల్లల సొంత ఫోన్ నంబర్లు కూడా అందులోనే ఉన్నాయి. అది తెలిసిన రోజు వాళ్ల ముఖాలు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. నువ్వు అనానిమస్ చదవడం ఆపెయ్, కనెక్షన్‌కు టీఎల్ఎస్ (మధ్యలో ఎవరూ చదవకుండా వేసే తాళం) పెట్టు, పోర్టును ఆఫీసు నెట్‌వర్క్ దాటనివ్వకు. సొంత నంబర్లు అడిగి, ఒప్పుకున్నవాళ్లవే ఎక్కించు. ఓపెన్‌ఎల్‌డాప్‌తో వచ్చే స్లాప్‌క్యాట్ కమాండ్‌తో రోజూ బ్యాకప్ తియ్యి.

చేసిన ప్రతి పనీ ఒక నోటుబుక్కులో రాసుకో, ఎక్కడ ఆగిపోయావో, ఎలా దాటావో కూడా. రేపు ఇంటర్వ్యూలో మాట్లాడాల్సింది దాని గురించే. రెండు నెలలు నడిపాక కోర్సు సంగతి నాకు మళ్లీ రాయి, అప్పటికి నీకు ఏది తక్కువైందో నీకే తెలుస్తుంది. ఈలోపు నాన్నతో నేను మాట్లాడాలంటే నంబర్ పంపు, ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను.