జర్మన్ తీసుకున్నావంట కదా చిన్నీ

చిన్నీ, తొమ్మిదో క్లాసులో సెకండ్ లాంగ్వేజ్ జర్మన్ తీసుకున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది, సంతోషంగా కాదులే, హాయిగా తెలుగో హిందీనో తీసుకోకుండా ఇదేంది కొత్తగా, మార్కులు పోతాయేమోనని దాని భయం. దానికి నేను సర్దిచెప్పుకుంటాలే. నీకు మాత్రం క్లాసులో ఏం జరగబోతుందో కాస్త ముందే చెప్పిపెడతా, ఇక్కడ ఒంగోల్లో నర్సింగ్ పిల్లలకి ఇదే జర్మన్ చెప్తుంటా కదా, ఎవురు ఎక్కడ తడబడతారో నాకు బాగా తెలుసు. వాళ్ళు జర్మనీ పోయి ఉద్యోగం చెయ్యాలంటే భాషలో బి1, బి2 అనే పై మెట్ల దాకా కావాల, నువ్వు ఈ ఏడాది ఏ1 అనే మొదటి మెట్టులోనే తిరుగుతుంటావు, కాబట్టి కంగారేం వద్దు.

మొదట్లో అంతా ఈజీగా ఉంటది. గూటెన్ టాగ్, నీ పేరేంది, ఏ ఊరు, వయసెంత, ఇవే. తర్వాత స్పెల్లింగ్ చెప్పమంటారు చూడు, అప్పుడు మొదలవుద్ది తమాషా. ఇంగ్లీషు ఏబీసీడీలే, కానీ పిలిచే తీరు వేరు. ఏ ని ఆ అంటారు, ఈ ని ఏ అంటారు, ఐ ని ఈ అంటారు, వి ఏమో ఫౌ, డబ్ల్యూ ఏమో వే, జె ని యోట్ అంటారు. నెల్లూరు అని చెప్పాలంటే ఎన్, ఏ, ఎల్, ఎల్, ఓ, ఎర్, ఏ. కావలి అంటే కా, ఆ, ఫౌ, ఆ, ఎల్, ఈ. ఇంట్లో అందరి పేర్లూ ఇట్టా గట్టిగా చెప్పుకుంటా తిరుగు, మీ నాయన విసుక్కున్నా సరే. చుక్కలు పెట్టిన ఆ, ఓ, ఊ మూడూ, ఎస్‌త్సెట్ అనే ఇంకో అక్షరమూ అదనంగా ఉంటాయి. ఫోన్లో జర్మన్ కీబోర్డ్ ఇప్పుడే పెట్టుకో.

పలకడం దగ్గర మనకి ఒక సుఖం ఉంది. పొట్టి అచ్చు, దీర్ఘం తేడా మనకి పుట్టుకతో వచ్చిందే కదా, అక్కడ కూడా అదే తేడాతో అర్థం మారిపోద్ది. ఇష్ అని రాసుకుంటామే, నేను అని అర్థం, అది ఇష్ కాదు ఇక్ కూడా కాదు, నాలిక పైకెత్తి ఊపిరి వదలడమే, టీచర్ నోరు చూసి నేర్చుకోవాల్సిందే, రాతలో చెప్తే రాదు.

ఇంక అసలు సంగతికి వస్తా. ప్రతి నామవాచకానికీ ముందు డేర్, డీ, డాస్ అని మూడిట్లో ఒకటి ఉంటది, పుంలింగం, స్త్రీలింగం, నపుంసకం అన్నమాట, కానీ లాజిక్ వెతకబాక. టేబులు మగ, దీపం ఆడ, పుస్తకం నపుంసకం. అమ్మాయి అనే మేడ్‌షెన్ కూడా డాస్ లోకే పోద్ది, దానికి మాత్రం కారణం ఉందిలే, చిన్నది అని చెప్పే షెన్ చివర్న తగిలిస్తే ఏదైనా డాసే. పిల్లలంతా చేసేది ఏందంటే మాట ఒకటే నేర్చుకుని ముందున్న డేర్ ని తర్వాత చూసుకుందాంలే అని వదిలేస్తారు, ఆ తర్వాత రాదు. నోట్‌బుక్‌లో నీలం పెన్నుతో డేర్ మాటలు, ఎరుపుతో డీ, ఆకుపచ్చతో డాస్ రాయి, పేజీ చూస్తేనే రంగు గుర్తుండాల, పక్కనే బహువచనం కూడా రాసుకో. నామవాచకం మొదటి అక్షరం వాక్యం మధ్యలో ఉన్నా సరే క్యాపిటల్ లెటరే, ఇది మర్చిపోయి ఊరికే మార్కులు పోగొట్టుకుంటారు.

కొన్నాళ్ళకి అక్కుజాటివ్ అంటారు. భయపడబాక, మన ద్వితీయా విభక్తే. అందులో డేర్ ఒక్కటే డెన్ అవుద్ది, డీ, డాస్ మారవు, అంతే. ఇంగ్లీషు నుంచి ఆలోచించే పిల్లలు ఇక్కడ తలకాయ పట్టుకుంటారు, నువ్వు తెలుగులో నుంచి ఆలోచించు. ఇంకోటి, మామూలుగా చెప్పే వాక్యంలో క్రియ రెండో స్థానంలోనే ఉండాల. ఇవ్వాళ నేను పోతున్నా అనాలంటే హోయ్‌టె గేయె ఇష్ అనాల, ఇవ్వాళ తర్వాత వెంటనే పోవడం రావాల. కానీ చేయగలను, చేయాలి లాంటి వాటితో వస్తే అసలు క్రియ వాక్యం చివరికి పోద్ది, ఇష్ కాన్ డోయ్చ్ ష్ప్రెషెన్, అప్పుడు మన తెలుగు లాగే ఉంటది.

అంకెల దగ్గర మాత్రం ఓపిక కావాల. 24 ని నాలుగూ ఇరవై అంటారు, ఫోన్ నంబర్ చెప్తుంటే రాసుకునేవాళ్ళకి చెయ్యి తిరగబడుద్ది. టైం ఇంకా మోసం, హాల్బ్ ఆఖ్ట్ అంటే ఎనిమిదున్నర కాదమ్మా ఏడున్నర, వినే పరీక్షలో ఇదే పెడతారు. అన్నట్టు వాళ్ళ స్కూళ్ళలో 1 అన్నిటికంటే మంచి మార్కు, 6 అన్నిటికంటే చెడ్డది, పాఠంలో పిల్లోడు 5 వచ్చిందని ఏడుస్తుంటే నవ్వబాక.

ఇంటర్నల్ 20 మార్కులున్నాయి, వాటిలో మాట్లాడేది కూడా చూస్తారు. క్లాసులో నోరు తెరిచే పిల్లకి అవి వచ్చేస్తాయి, వెనక బెంచీలో కూర్చుని ట్రాన్స్‌లేట్ యాప్ తో హోంవర్క్ చేసే వాళ్ళు అక్కడ దొరికిపోతారు. నేర్చుకున్నవే తిప్పి తిప్పి వాడు. ఇష్ ఎస్సె గెర్న్ ఫిష్ అంటే నాకు చేపలు తినడం ఇష్టం, చేపల పులుసు ఊళ్ళో పుట్టినదానివి, ఇంతకంటే నిజమైన వాక్యం నీకు దొరకదు. డాయిచె వెల్లె అని జర్మనీ ప్రసార సంస్థ ఉంది, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఏ1 పాఠాలు ఫ్రీగా ఉన్నాయి, రోజూ అన్నం తిన్నాక కాసేపు విను, అర్థం కాకపోయినా పర్లేదు.

మీ స్కూల్లో ఏ టెక్స్ట్ బుక్ పెట్టారో కవర్ ఫోటో తీసి పంపు, దాని ఆడియో నా దగ్గర ఉందేమో చూస్తా, లేకపోతే మీ టీచర్‌నే అడుగుదువుగాని. దసరాకి ఒంగోలు వస్తారు కదా, రంగు పెన్నులు నోట్‌బుక్ తెచ్చుకో.

మీ పెద్దమ్మ