ఇనుము కోసే ముందు ఇరుసు గీత గీయి

విశాఖపట్నం

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఏటీవీ అనే నాలుగు చక్రాల మట్టిదారి బండి, రెండు డర్ట్ బైకులు, సెలవు రోజుల్లో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ), ముందు ముందు కలిసొస్తే ఒక జెట్ స్కీ (నీటి మీద నడిచే స్కూటరు), ఇన్నిటినీ మోసే ఒకే ట్రైలరు సొంతంగా చేసుకుంటానని రాశావు. చాలా సంతోషం. నీ ఏటీవీకి రోడ్డు మీద తిరిగే రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి మట్టిదారి దాకా దాన్ని మోసుకుపోక తప్పదు. నువ్వు పంపిన బొమ్మ జాగ్రత్తగా చూశాను. మడత ర్యాంపు గీశావు, పనిముట్ల పెట్టె గీశావు, బైకులు నిలబెట్టే స్టాండ్లు గీశావు. ఇరుసు ఎక్కడ వస్తుందో మాత్రం గీయలేదు. పది రకాల బరువులు మోయాల్సిన ట్రైలరుకు అన్నిటికంటే ముందు పడాల్సింది ఆ గీతే. షిప్ యార్డులో ప్లేట్లు అతుకుతూ బతికినవాణ్ని, ఆ తర్వాత గాజువాక ఆటోనగర్ షెడ్లలో ట్రైలర్ల పని చూసినవాణ్ని, అందుకే ఈ విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను.

ముందు కాగితాల సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అనే నిర్వచనంలోకే ట్రైలరు కూడా వస్తుంది. అంటే రిజిస్ట్రేషన్, బీమా లేకుండా అది రోడ్డెక్కకూడదు. ఇంట్లో చేసినదానికి ఏ ఆమోదం కావాలో, ఏ పరీక్షలు ఉంటాయో రవాణా శాఖ కార్యాలయంలో కొలతల బొమ్మతో సహా అడిగి తెలుసుకో. జీపు వెనక హిచ్, అంటే ట్రైలరును తగిలించే కొక్కెం, బిగించే సంగతి కూడా అప్పుడే అడుగు, బీమా కంపెనీకీ తెలియజెయ్యి. సొంత చట్రానికి దారి కష్టమని తేలితే ఆమోదం పొందిన చట్రం కొనుక్కొని, పైన తల్లం (బండ్లు నిలబడే అడుగు పలక), అమరికలు వాళ్ళు ఒప్పుకున్న మేరకు నీ చేత్తో చేసుకో. పనిలో సరదా ఏమీ తగ్గదు. ఇదంతా ఇనుము కొనకముందే జరగాలి.

ఇప్పుడు బరువు లెక్క. ఏటీవీ 300 కిలోలు అనుకుందాం. డర్ట్ బైకులు రెండూ కలిపి 260. జెట్ స్కీ 350 దాకా ఉండవచ్చు. ట్రైలరు సొంత బరువు 270 కిలోల దగ్గర ఆపగలిగి, ఒకసారికి వీటిలో ఒక రకమే ఎక్కిస్తే మొత్తం 620కి మించదు. ఈ ఆపడం నాకు ముఖ్యం. సొంత బ్రేకులు లేని ట్రైలరుకు యూరప్‌లో 750 కిలోలే గరిష్ఠ పరిమితి. మన దగ్గర అరకు ఘాట్ దిగేవాడికి ఆ అంకె ఇంకా కింద ఉంటేనే మంచిది. నీ జీపు ఎంత బరువు లాగగలదో, హిచ్ మీద ఎంత మోయగలదో యజమాని పుస్తకంలో ఉంటుంది. స్నేహితులు చెప్పిన అంకెలు వద్దు, పుస్తకంలో ఉన్నదే తీసుకో.

ఇరుసు దగ్గరికి వద్దాం. తల్లం 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు పెట్టుకో. డర్ట్ బైకు 7 అడుగుల పైచిలుకు ఉంటుంది, ఏటీవీ 4 అడుగుల వెడల్పు ఉంటుంది, రెండూ కుదురుతాయి. తల్లం ముందంచు నుంచి కప్లర్ (హిచ్ బాల్ మీద కూర్చునే ట్రైలరు మూతి) దాకా డ్రాబార్, అంటే లాగుడు దూలం, 4 అడుగులు రానివ్వు. ఇరుసును తల్లం ముందంచు నుంచి 4 అడుగుల 9 అంగుళాల దగ్గర పెట్టు. అంటే తల్లం మధ్య కంటే 9 అంగుళాలు వెనక్కి. కావడి మోసేవాడు బద్ద కింద భుజం ఎక్కడ పెట్టాలో చూసుకున్నట్టే ఇదీ, కాకపోతే ఇక్కడ తూకం కొంచెం ముందుకే మొగ్గాలి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కప్లర్ మీద పడాలి. అంతకంటే తగ్గితే ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు పెరిగి జీపునే పక్కకు లాగేస్తుంది. మరీ ఎక్కువైతే జీపు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగు పట్టు తప్పుతుంది.

ఈ కొలతల్లో ఉన్న వెసులుబాటు చూడు. కప్లర్ నుంచి ఇరుసుకు 8 అడుగుల 9 అంగుళాలు. 300 కిలోల ఏటీవీని తల్లం మీద 3 అంగుళాలు ముందుకు జరిపితే కప్లర్ మీద 8, 9 కిలోలు పెరుగుతాయి. ఒక అడుగు జరిపితే 34 కిలోలు. కాబట్టి ఇరుసును బోల్టులతో జరిపే ఏర్పాటు చేస్తానన్న నీ ఆలోచన మానుకో. జరిగేది ఏదైనా కొన్నాళ్ళకు వదులవుతుంది. ఇరుసు స్థిరంగా ఉండనీ, పైన ఎక్కించిన బండే జరగాలి. ముందు చక్రం వచ్చి ఆనే అడ్డు దిమ్మను రెండంగుళాలకో రంధ్రం ఉన్న పట్టీ మీద బిగించు. ఏటీవీకి ఏ రంధ్రం, బైకులకు ఏ రంధ్రం అన్నది ఒకసారి తూచి, పక్కన పెయింటుతో గుర్తు పెట్టుకుంటే ఇక ప్రతిసారీ లెక్క వేసే పని లేదు. తూచడానికి పెద్ద యంత్రం అవసరం లేదు. మనుషులు ఎక్కే తూకం యంత్రం చదునైన నేల మీద పెట్టి, దానిపై ఒక దుంగ నిలబెట్టి, కప్లర్‌ను హిచ్ ఎత్తుకు సరిగ్గా దాని మీద ఆనించు. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టడం మరిచిపోవద్దు.

చక్రాలు తల్లం కింద వచ్చేట్టు పెడితే బండి సన్నగా ఉంటుంది గానీ తల్లం ఎత్తు పెరుగుతుంది, ఏటీవీ ఎక్కించడం కష్టమవుతుంది, మలుపులో ఒరుగుతుంది. చక్రాలు బయటికే పెట్టు. మొత్తం వెడల్పు 2 మీటర్ల దగ్గరకు వస్తుంది, జీపు కంటే కొంచెం ఎక్కువ, కాబట్టి అద్దాలు పొడిగించుకోవాలి. టాటా ఏస్‌కు వేసే 12 అంగుళాల టైర్లే వేసుకో. ఎస్.కోటలో అయినా, అనంతగిరి దారిలో అయినా పంక్చరైతే అవి దొరుకుతాయి. ఇరుసు, హబ్బులు (చక్రం బిగించే, బేరింగులుండే భాగాలు), కమాను కట్టలు (పట్టీ స్ప్రింగులు) తయారైనవి కొను. పాతసామాను దుకాణంలో దొరికిన కమాను కట్టలు ఏ బరువు కోసం చేసినవో తెలియదు. మరీ గట్టివైతే ఖాళీ ట్రైలరు గంతులేస్తుంది, ఆ అదురుకు వెల్డింగులు పగుళ్ళిస్తాయి.

చట్రానికి బాక్స్ పైపు వాడతానన్నావు. లోపలి ఊళ్ళలో అయితే నేనూ సరే అనేవాణ్ని. విశాఖ గాలిలో ఉప్పు ఉంటుంది, రుషికొండ తీరానికి పోయొచ్చిన కయాక్ నుంచి ఉప్పునీళ్ళు కారుతాయి. బాక్స్ పైపు లోపలికి చేరిన ఆ తడి బయటికి రాదు. పైన పెయింటు మెరుస్తూ ఉంటుంది, లోపల గోడ పలచబడుతూ ఉంటుంది. సుత్తితో కొడితే మోత మారేదాకా తెలియదు. అందుకే 75 మిల్లీమీటర్ల సి ఛానల్ వాడు, మీటరుకు 7 కిలోల దగ్గర ఉంటుంది. తెరిచి ఉన్న వైపు కంటికి కనిపిస్తుంది, గొట్టంతో నీళ్ళు కొట్టి కడగవచ్చు, బ్రష్ దూరుతుంది. అడ్డ దూలాలకు యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుము) చాలు.

వెల్డింగులన్నీ, రంధ్రాలన్నీ పూర్తయ్యాక చట్రం మొత్తాన్ని హాట్ డిప్ గాల్వనైజింగ్‌కు, అంటే కరిగిన జింకులో ముంచి పూత వేయడానికి, ఇస్తే ఆ ఖర్చుకు విలువ ఉంది. ఎక్కడైనా పైపు ముక్క వాడి ఉంటే దానికి గాలి రంధ్రాలు తప్పనిసరి. కరిగిన జింకు తొట్టె 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. మూసుకుపోయిన పైపులో చిక్కిన తడి అక్కడ ఆవిరై పైపునే పేల్చేస్తుంది, పక్కన నిలబడ్డ మనుషులకు ప్రాణాపాయం. పూత వేసిన తర్వాత మళ్ళీ వెల్డింగు పెట్టవద్దు. జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, అతుకు దగ్గర పూత కూడా పోతుంది. అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకుంటే ఇనుమును తెల్లగా గీకించి, జింకు ఎక్కువున్న ఎపాక్సీ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ పెయింటు వేయించు.

డ్రాబార్ రెండు ఛానళ్ళూ తల్లం ముందంచు దగ్గర ఆగిపోకూడదు. తల్లం కిందుగా వెనక్కి సాగి, కమాను కట్ట ముందు బ్రాకెట్ ఉన్న అడ్డ దూలం దాకా పోవాలి. ముందంచు దగ్గర దూలం అంచుకు అడ్డంగా వెల్డింగు పెట్టవద్దు, పగులు అక్కడినుంచే మొదలవుతుంది. అతుకు నిలువు గోడ మీద, దూలం పొడవునా పెట్టించు. వెల్డరు మంచివాడైనా సరే, ప్రతి అతుకు మీదా స్లాగ్ (పైన పేరుకునే పెంకు) కొట్టించి, వైరు బ్రష్‌తో రుద్దించి, వేలితో తడిమి చూడు. సూది రంధ్రాలు, అంచున కోసుకుపోయిన గాడి నీ వేలికే తెలుస్తాయి. ఆ గాడి ఉంటే మళ్ళీ పెట్టమను. మొహమాటపడవద్దు, అడిగినందుకు మంచి పనివాడు కోప్పడడు.

తల్లానికి చెకర్ ప్లేటు (గళ్ళ ఇనుప రేకు) చూడ్డానికి బాగుంటుంది గానీ బరువు. ఈ కొలతకు 3 మిల్లీమీటర్లదే 90 కిలోలు దాటుతుంది. 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణపు ముద్ర ఉన్నది, ఒకే ఒక్క 8 బై 4 షీటు తీసుకో. దాన్ని పొడవునా రెండుగా కోస్తే 2 అడుగుల పలకలు రెండు వస్తాయి. చెరోపక్క ఒకటి వేసి మధ్యలో ఒక అడుగు ఖాళీ వదులు. ఏటీవీ చక్రాలు పలకల మీదే నడుస్తాయి, బైకులు చెరో పలక మీదా నిలబడతాయి, రేపు జెట్ స్కీ వస్తే దాని అడుగు ఆ ఖాళీలోకి దిగుతుంది, పక్కన రెండు మెత్తటి దిమ్మలు పెడితే సరిపోతుంది. ఇసుక, నీళ్ళు కూడా అందులోంచే పోతాయి. షీటు బరువు చెకర్ ప్లేటులో సగం కూడా ఉండదు. కోసిన అంచులకు, బోల్టు రంధ్రాల లోపలికి ఎపాక్సీ పట్టించు, ప్లైవుడ్ చెడేది అక్కడినుంచే.

మిగతా అమరికలకు వేరువేరు స్టాండ్లు అతికించవద్దు. పక్క ఛానళ్ళకు వైపుకు నాలుగు చొప్పున కింది వైపు తెరిచి ఉన్న చిన్న గూళ్ళు వెల్డింగు చేయించు. పక్క కమ్మీలు, కయాక్ మోసే అడ్డ కడ్డీలు, బైకు ముందు చక్రం పట్టుకునే చట్రం, అన్నిటికీ ఒకే కొలత కాళ్ళు. కావలసినది దింపి, పక్క నుంచి బోల్టు బిగిస్తే మోత ఉండదు. ట్రైలరు పనికొచ్చే తీరు మారాలంటే ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు.

కట్టే కొక్కేలు 12 మిల్లీమీటర్ల కడ్డీ వంచి ఛానల్‌కే అతికించాలి, ప్లైవుడ్‌కు కాదు. బైకును హ్యాండిల్ కింద ఫోర్కు దగ్గర రాచెట్ బెల్టులతో ముందుకూ కిందికీ లాగి, షాక్ అబ్జార్బర్లు సగం దిగేదాకా బిగించు. వెనక చక్రానికి ఇంకో జత. ఏటీవీని నాలుగు మూలలా కట్టు. పది కిలోమీటర్లు పోయాక ఆగి అన్నీ మళ్ళీ బిగించు, బెల్టులు మొదట్లో సాగుతాయి. అప్పుడే చక్రాల నట్లు కూడా చూడు.

హిచ్ బాల్, కప్లర్ ఒకే కొలతవి అయి ఉండాలి. 50 మిల్లీమీటర్లవీ దొరుకుతాయి, 2 అంగుళాలవీ దొరుకుతాయి, అంటే 50.8. కంటికి తేడా తెలియదు. 2 అంగుళాల కప్లర్ 50 బాల్ మీద కూర్చుంటుంది గానీ గతుకులో ఎగిరిపోవచ్చు. ముద్ర చదివి కొను. కప్లర్ కింద రెండు గొలుసులు ఒకదానికొకటి అడ్డంగా వేయి, ఊడినా డ్రాబార్ వాటి మీద పడాలి, రోడ్డు మీద కాదు.

లైట్ల విషయంలో ఒక్క మాటే. ఏడు పిన్నుల సాకెట్టులో తెల్ల వైరు ఎర్తు. హిచ్ ఇనుమే ఎర్తు అవుతుందిలే అని దాన్ని వదిలేస్తారు, తుప్పు పట్టగానే బ్రేకు లైటు వెలగదు. ఎర్తు వైరును లైట్ల దాకా విడిగా లాగు.

సముద్రం దగ్గర ఇంకో జాగ్రత్త. దూరం నడిచిన హబ్బులు వేడిగా ఉంటాయి. వాటిని వెంటనే నీళ్ళలో దింపితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు గుండా ఉప్పునీటిని పీల్చుకుంటుంది, బేరింగులు పోతాయి. చల్లారే దాకా ఆగు. హబ్బు మునిగేంత లోతుకు అసలు దింపకు. కయాక్ అయితే చేత్తోనే మోయి. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడుగు, ముందు ఇరుసు, కమాను కట్టలు, తర్వాత మిగతాది. ఏటీవీని మాత్రం తీరం ఇసుక మీదికి తీసుకుపోకు. జనవరి నుంచి వేసవి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. చక్రం కింద పడితే ఆ గూడు అంతటితో సరి.

అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కావో దిగేటప్పుడు కూడా అదే గేరు. బ్రేకు మీద కాలు ఉంచేసి దిగితే లైనింగులు కాలి, చివరి మలుపుల్లో పెడల్ మెత్తబడుతుంది. ట్రైలరు ఊగడం మొదలైతే స్టీరింగు తిన్నగా పట్టుకొని యాక్సిలరేటర్ మెల్లగా వదులు. గట్టిగా బ్రేకు వేయకు, పక్కకు తిప్పి సరిచేయాలని చూడకు.

వెనక్కి నడపడం ఖాళీ మైదానంలో ఖాళీ ట్రైలరుతో నేర్చుకో. చేతిని స్టీరింగు అడుగు భాగాన పెట్టుకుంటే, చేయి ఎటు జరిపితే ట్రైలరు తోక అటు పోతుంది. అది వంటబట్టాకే బండి ఎక్కించు.

బొమ్మ మళ్ళీ గీసి పంపు. ఇరుసు గీత, కప్లర్ నుంచి దూరం, ఒక్కో బండి బరువు, అది నిలబడే చోటు కొలతలతో రాయి. లెక్క నేను ఇంకోసారి వేసి చూస్తాను. సరిపోతే ఆదివారం ఆటోనగర్‌కు వెళ్ళి ఛానల్ ఇద్దరం కలిసి ఎంచుదాం. వచ్చేటప్పుడు టేపు, మూలమట్టం తెచ్చుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న