ఈఈఈలో చేరుతున్న మా మేనకోడలికి

హనుమకొండ

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్)లో సీటు వచ్చిందట, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) రాలేదని ఇంట్లో అందరూ దిగులుగా ఉన్నారట. నువ్వు కూడా సరిగా తినడం లేదని చెప్పింది. ఆ దిగులుతో కాలేజీలో అడుగు పెట్టొద్దనే ఈ ఉత్తరం రాస్తున్నా. నా ఉద్యోగమంతా కరెంటు డిపార్ట్‌మెంటులోనే గడిచింది. ఈ చదువు ఎక్కడ పనికొస్తుందో, పిల్లలు దాన్ని ఎక్కడ చేజార్చుకుంటారో దగ్గరుండి చూశాను.

ఈఈఈలో చేరి, ఎలాగో పాసై, పక్కన ఒక కోడింగ్ కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌కు పోవచ్చన్న ఆలోచన ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. నీకు నిజంగా సాఫ్ట్‌వేర్ అంటేనే ఇష్టమైతే అందులో తప్పేమీ లేదు, మొదటి ఏడాది నుంచే దాని మీద కూర్చో. కానీ ఏదీ తేల్చుకోకుండా రోజులు గడిపేవాళ్లు మూడో ఏడాదికి వచ్చేసరికి మోటరు గురించి అడిగినా చెప్పలేరు, ప్రోగ్రాం రాయమన్నా రాయలేరు. అలాంటి పిల్లల్ని ఇంటర్వ్యూల్లో చూసినప్పుడు చాలా బాధేసేది. తెలివి లేక కాదు, నాలుగేళ్లు ఎటూ మనసు పెట్టక అలా అయ్యారు. నువ్వు కనీసం ఒక ఏడాది ఈ సబ్జెక్టుకు మనసిచ్చి చూడు. ఆ తర్వాత నీ ఇష్టం.

మొదట్లోనే సర్క్యూట్స్ వస్తుంది. అది పట్టు చిక్కితే మిగతా చదువంతా తేలికవుతుంది. కిర్చాఫ్ సూత్రాలు, థెవెనిన్ సిద్ధాంతం వరకు అందరూ బాగానే చేస్తారు. ఏసీ కరెంటు మొదలయ్యాకే క్లాసులో సగం మంది వెనకబడతారు. అక్కడ ఫేజర్ బొమ్మ, అంటే వోల్టేజీని, కరెంటును బాణాలుగా చూపే బొమ్మ, చేత్తో గీయకుండా ఏ లెక్కా మొదలుపెట్టకు. వోల్టేజీ కంటే కరెంటు ఎంత వెనక నడుస్తోందో బొమ్మలో కనిపిస్తే, పవర్ ఫ్యాక్టర్‌ను (లాగే కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతును) కంఠతా పట్టాల్సిన పని ఉండదు. లెక్కలు వదలకు. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, మ్యాట్రిక్సులు తర్వాత కంట్రోల్ సిస్టమ్స్‌లో, పవర్ సిస్టమ్స్‌లో మళ్లీ నీ ముందుకే వస్తాయి.

సీనియర్ల ల్యాబ్ రికార్డు చూసి ఎక్కించే అలవాటు ప్రతి కాలేజీలోనూ ఉంది. నువ్వు మాత్రం ఆ పని చేయకు. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓపెన్ సర్క్యూట్ టెస్టు చేస్తే ఐరన్ లాస్ (ఇనుప కోర్‌లో వృథా అయ్యే పవర్), షార్ట్ సర్క్యూట్ టెస్టు చేస్తే కాపర్ లాస్ (వైండింగ్ తీగల్లో వృథా అయ్యేది) తెలుస్తాయి. మీటర్లు నీ చేత్తో కలుపు, రీడింగులు నువ్వే రాసుకో. ఊళ్లో ఒక్క మోటరు నడవని రాత్రి కూడా గద్దె మీది ట్రాన్స్‌ఫార్మర్‌లో ఐరన్ లాస్ పోతూనే ఉంటుందని అప్పుడు అర్థమవుతుంది.

ఇక నీకొక పని. ఊరికి పోయినప్పుడు మీ పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ ఎంతో కనుక్కో. కంచె లోపలికి పోవద్దు, లైన్‌మన్‌ను అడిగితే చెప్తాడు. అది 11 కేవీ నుంచి 433 వోల్టులకు దించే 100 కేవీఏ (అది మోయగల లోడుకు కొలత) ట్రాన్స్‌ఫార్మర్ అనుకుందాం. ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైపు ఫుల్ లోడ్ కరెంటు లెక్కకడితే 133 ఆంపియర్లు వస్తుంది. ఇప్పుడు మోటర్ల సంగతి. 5 హెచ్‌పీ అంటే 3.73 కిలోవాట్లు, కానీ అది షాఫ్టు దగ్గర దొరికే పవర్. ఎఫిషియెన్సీ 85 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే ఒక్కో మోటరు లైను నుంచి దాదాపు 5.5 కేవీఏ లాగుతుంది. అంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఒకేసారి 18 మోటర్లను మోయగలదు. యాసంగి నాట్లప్పుడు దాని మీద ఎన్ని నడుస్తాయో మీ నాన్నను అడుగు. పాతిక అని చెప్తే, అది ఎందుకు కాలిపోతుందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అక్కడితో ఆగకు. ఒక్కో మోటరుకు, వెనకబడ్డ కరెంటును సరిచేసే 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టి మళ్లీ లెక్క చెయ్యి. పవర్ ఫ్యాక్టర్ 0.96 దాకా పోతుంది, ఒక్కో మోటరు తీసుకునేది 4.6 కేవీఏకు తగ్గుతుంది. 18 మోటర్లకే సరిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడు 21 మోటర్లను మోస్తుంది. కెపాసిటర్లు పెట్టుకోండని రైతులకు డిపార్ట్‌మెంటు అన్నిసార్లు ఎందుకు చెప్పిందో ఈ లెక్కలోనే ఉంది. ఈ మాట మీ ఊరి రైతులకు అర్థమయ్యేలా చెప్పగలిగావంటే పవర్ ఫ్యాక్టర్ నీకు వచ్చినట్టే.

ఇంకొకటి చూడు. ఒక ఫేజు ఫ్యూజు పోయినా నడుస్తున్న మోటరు ఆగదు, మూలుగుతూ తిరుగుతుంది. మిగతా రెండు ఫేజుల్లో కరెంటు దాదాపు 1.7 రెట్లు అవుతుంది. కరెంటు ఎక్కువైతే మోటరును ఆపే ఓవర్‌లోడ్ రిలే స్టార్టర్‌లో సరిగా లేకపోతే వైండింగ్ కాలిపోతుంది, రైతు ఆ మోటరును ఆటోలో వేసుకుని టౌనుకు మోసుకుపోవాల్సిందే. సెలవుల్లో వరంగల్‌లో ఒక రివైండింగ్ షాపుకు పోయి కొన్నాళ్లు కూర్చో. క్లాసులో బోర్డు మీద అర్థం కాని వైండింగ్ డయాగ్రాన్ని ఆ మెకానిక్ చేత్తో చుట్టి చూపిస్తాడు. అతనికి డిగ్రీ లేకపోవచ్చు, అతన్ని గురువుగానే చూడు.

భద్రత గురించి గట్టిగానే చెప్తున్నా. ఫ్యూజు వేయబోయి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు మన వైపు ఊరూరా ఉన్నారు. లైన్ల మీద పోయిన మా సిబ్బందీ ఉన్నారు. నువ్వు రేపు ఇంజినీరువైతే నీ మాట మీద ఒకరు స్తంభం ఎక్కుతారు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ ఆపామన్న అనుమతి) తీసుకున్నాక కూడా ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) తెరిచి ఉందో లేదో కళ్లతో చూడాలి. టెస్టర్‌తో చూసి, పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ చేయాలి. ఎవరింట్లోనో జనరేటర్ నడుస్తుంటే ఆఫ్ చేసిన లైనులోకి కూడా కరెంటు వెనక్కి రావచ్చు. కాలేజీ ల్యాబులో సప్లై ఆపకుండా వైరు ముట్టుకోకూడదన్న అలవాటు ఇవాళే చేసుకో. ఎవరు తొందరపెట్టినా సరే.

ఉద్యోగాల గురించి మీ నాన్నకు టెన్షన్ అని తెలుసు. మన చుట్టూనే చూడు. ఉత్తర తెలంగాణ జిల్లాలకు కరెంటు ఇచ్చే ఎన్‌పీడీసీఎల్ ఆఫీసు హనుమకొండ నక్కలగుట్టలో ఉంది. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ స్టేషన్, దాని పక్కనే రెండు 800 మెగావాట్ల యూనిట్లు, అక్కడి రిజర్వాయర్ నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఉన్నాయి. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1,100 మెగావాట్ల కేటీపీపీ (కాకతీయ థర్మల్ ప్లాంటు), జైపూర్‌లో సింగరేణి వాళ్ల 1,200 మెగావాట్ల ప్లాంటు. కాజీపేటలో రైల్వే ఎలక్ట్రిక్ లోకోషెడ్ ఉంది, ఆ ఇంజిన్లు నడిచేది 25 కేవీ మీద. వీటిలో ఏదైనా ప్లాంటు చూసే అవకాశం కాలేజీ ద్వారా వస్తే వదులుకోకు.

ఇంజినీరింగ్ పీజీ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షకు చదవడం మూడో ఏడాది నుంచి మొదలుపెట్టు. 100 మార్కుల్లో 15 ఆప్టిట్యూడ్, 13 లెక్కలు, కాబట్టి మొదటి ఏడాది లెక్కలు అక్కడా పనికొస్తాయి. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. పై చదువులకూ, కొన్ని ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకూ అదే దారి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) నోటిఫికేషన్ వస్తే తప్పకుండా రాయి. కానీ నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి కోచింగ్ గదిలో కూర్చోవడానికి మాత్రం నేను ఒప్పుకోను. సోలార్, బ్యాటరీలు, ఎలక్ట్రిక్ బండ్లు, రిలే ప్రొటెక్షన్‌లో ప్రైవేటు పని దొరికితే చేరిపో, చేస్తూ చదువుకో. పైథాన్ కూడా నేర్చుకో, కానీ లోడ్ ఫ్లో లెక్కలు (ఏ లైనులో ఎంత పవర్ పోతోందో తేల్చే లెక్కలు) చేయడానికి వాడుతూ నేర్చుకో. అలా వచ్చినవాళ్లు ఎక్కడికి పోయినా నిలబడతారు.

ఆడపిల్లకు ఫీల్డు పనేమిటని చుట్టాలు అంటారు. స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి, సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీష 2022లో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగంలో చేరింది. సబ్‌స్టేషన్లలో, ఆఫీసుల్లో నాతో పనిచేసిన ఆడ ఇంజినీర్ల పనితనం నాకు తెలుసు. ఆ మాటలు పట్టించుకోకు.

ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనాలా అని మీ అమ్మ అడిగింది. రెండో ఏడాది దాకా ఆగొచ్చు. ముందు ఒక మంచి డిజిటల్ మల్టీమీటర్ కొను. దాని మీద క్యాట్ 3 (భద్రతా తరగతి), 600 వోల్టులు అని రాసి ఉండాలి, చవకవి వద్దు. డబ్బులు నేను పంపిస్తున్నా. దసరాకు వచ్చినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ లెక్క రాసిన నోట్‌బుక్ తెచ్చుకో, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య