నీ రెజ్యూమెలో చెరువేది?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. 2025లో బీటెక్ ఈసీఈ పూర్తి చేశాను. సీజీపీఏ 6.8. రెండో ఏడాదిలో రెండు సబ్జెక్టులు పోయాయి, తర్వాత రాసి గట్టెక్కాను. మా నాన్న నాలుగెకరాల రొయ్యల చెరువు కౌలుకు చేస్తారు. ఆ ఏడాది రాత్రుళ్లు నేనే చెరువు దగ్గరున్న మకాంలో కాపలా పడుకునేవాణ్ణి. నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే ఫోన్ మోగేలా చిన్న సర్క్యూట్ పెట్టాక ఆ బాధ తప్పింది, చదువు మళ్లీ దారిలో పడింది. సీనియర్ ఇచ్చిన ఫార్మాట్‌లో రెజ్యూమె చేసుకుని అరవైకి పైగా కంపెనీలకు పంపాను. ఒక్క కాల్ లేదు. హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండు, కన్సల్టెన్సీ ద్వారా రెండేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకుందాం రమ్మంటున్నాడు. వెళ్లమంటారా మేడమ్? రెజ్యూమె కూడా జత చేశాను.

జవాబు: బాబూ, నీ ఉత్తరం ఒకసారి, రెజ్యూమె రెండుసార్లు చదివాను. రెండూ రాసింది ఒక్క మనిషేనా అని అనుమానం వచ్చింది. ఉత్తరంలో కరెంటు పోతే చీకట్లో గట్టు మీద పరుగెత్తిన కుర్రాడున్నాడు. ఆ పరుగు తప్పించుకోవడానికి బుర్ర పెట్టి ఏదో తయారు చేసుకున్నాడు. రెజ్యూమెలో ఆ కుర్రాడి జాడే లేదు. అక్కడున్నవాడికి పాటలు వినడం, క్రికెట్ ఆడటం ఇష్టం. కష్టపడే తత్వం, పాజిటివ్ యాటిట్యూడ్ అతని బలాలు. పద్నాలుగు సాఫ్ట్‌వేర్లు వచ్చు. 'స్మార్ట్ సిటీ ట్రాఫిక్ మేనేజ్‌మెంట్' ప్రాజెక్టు చేశాడు. ఇలాంటి వాళ్లు నా దగ్గరకు ఏడాది పొడవునా వస్తుంటారు. పేరు, హాల్‌టికెట్ నంబరు మార్చితే ఒకరి కాగితం ఇంకొకరికి సరిపోతుంది.

ముందు ఆ ట్రాఫిక్ ప్రాజెక్టు సంగతి తేల్చుకుందాం. అది అమీర్‌పేట మైత్రీవనం వైపు నుంచి డబ్బులిచ్చి తెచ్చుకున్న సరుకని పేరు చూస్తేనే తెలుస్తోంది. నిన్నొక్కణ్ణే అనడం లేదు, నీ బ్యాచ్‌లో సగం మంది అదే పని చేసి ఉంటారు. కాలేజీలో మార్కులకి అది పనికొచ్చింది, బాగుంది. ఇంటర్వ్యూలో ఎవరైనా "సెన్సర్ ఎందుకు ఆ ఎత్తులో పెట్టావు?" అని అడిగితే నీ దగ్గర జవాబు ఉండదు. జవాబు లేని వాక్యం రెజ్యూమెలో ఉండకూడదు. తీసెయ్యి.

ఆ ఖాళీలోకి చెరువు రావాలి. నువ్వు దాన్ని బ్యాక్‌లాగ్‌లకు, అంటే పోయిన సబ్జెక్టులకు, సంజాయిషీగా చెప్పుకున్నావు. నాకు మాత్రం నీ దగ్గరున్న ఒకే ఒక్క అసలైన ఇంజినీరింగ్ పని అదే అనిపించింది. మీ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, బెంగళూరులో కూర్చున్న మేనేజరుకి చెప్పాలి: రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అడుగంటుతుంది, ఆ వేళప్పుడు ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది, పట్టుబడికి వచ్చిన పంట కొన్ని గంటల్లో పోతుంది. సమస్య ఎంత పెద్దదో ఒక్క వాక్యంలో చెబితేనే నీ చిన్న సర్క్యూట్ విలువ చదివేవాడికి తెలుస్తుంది.

నువ్వు ఏ మాడ్యూల్ వాడావో రాయలేదు. మన పిల్లలు ఇలాంటి వాటికి ఎక్కువగా కొనేది ఆర్డ్యునో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, దానికో సిమ్800ఎల్, అంటే సిమ్ వేసి కాల్ చేయించే మాడ్యూల్. నీదీ అదే అయితే నువ్వు కొన్ని తిప్పలు పడే ఉంటావు. ఆ మాడ్యూల్ 2జీ మీదే పనిచేస్తుంది, 2జీ లేని జియో సిమ్ వేస్తే నెట్‌వర్క్ పట్టదు. కాల్ కలిసే క్షణంలో 2 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది, ఆర్డ్యునో బోర్డు మీది పిన్ను నుంచి ఇస్తే చాలక మాటిమాటికీ రీసెట్ అవుతుంది. దానికి కావాల్సింది 3.4 నుంచి 4.4 వోల్టులు, 5 వోల్టులు నేరుగా ఇస్తే పాడవుతుంది. ఇవన్నీ నీకు దెబ్బ తగిలాకే తెలిసి ఉంటాయి. ప్రాజెక్టు కొనుక్కున్నవాడికి ఇందులో ఒక్కటీ తెలియదు. ఈసీఈ చదివిన మేనేజరు "ఏ సిమ్ వేశావు?" అని ఒక్క ప్రశ్న వేసి, ఎవరిది సొంతమో ఎవరిది కొన్నదో నిమిషంలో తేల్చేస్తాడు. ఆ ప్రశ్న కోసం నువ్వు ఎదురుచూసే స్థితిలో ఉన్నావు.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, ఇప్పుడే ఆలోచించి పెట్టుకో. మీ చెరువు మోటార్లు త్రీఫేజ్‌వే కదా. మూడు ఫేజుల్లో ఒకటే పోతే కరెంటు పూర్తిగా పోయినట్టు కనిపించదు, మోటారు మూలుగుతూ వేడెక్కి కాలిపోతుంది. నీ సర్క్యూట్ ఆ ఒక్క ఫేజు పోవడాన్ని పట్టుకుంటుందా? పట్టుకోకపోతే సిగ్గుపడనక్కర్లేదు. "లేదు సర్, తర్వాత దశలో అది చేర్చాలనుకుంటున్నాను, ఇలా చేస్తాను" అని చెప్పగలిగితే చాలు. చేర్చేసి చెబితే ఇంకా మంచిది, ఖాళీగానే ఉన్నావు కదా.

దీన్ని కాగితం మీద పెట్టడంలో ఒక కిటుకుంది. నువ్వు "ఫోన్ మోగేలా కోడ్ రాశాను" అంటావు. కంపెనీ ప్రకటనలో ఎంబెడెడ్ సి (పరికరాల్లోని చిప్‌లకు రాసే సి కోడ్), యూఆర్ట్ కమ్యూనికేషన్ (చిప్‌లు సీరియల్‌గా మాట్లాడుకునే పద్ధతి), సెన్సర్ ఇంటర్‌ఫేసింగ్, డీబగ్గింగ్ అని ఉంటుంది. నువ్వు చేసింది అదే! నీది నేననుకున్న మాడ్యూలే అయితే, ఆర్డ్యునో దానితో మాట్లాడింది యూఆర్ట్ మీదే, పంపింది ఏటీ కమాండ్లనే మోడెమ్ ఆదేశాలే. అబద్ధం ఒక్క అక్షరం లేకుండా, నీ పనిని వాళ్ల మాటల్లో రాయాలి. దరఖాస్తులు వడపోసే సాఫ్ట్‌వేరు వెతికేది కూడా ఆ మాటల కోసమే. మూడు లైన్లు చాలు. మొదటి దాంట్లో సమస్య, నువ్వు తయారు చేసిన వస్తువు. రెండో దాంట్లో ఏ భాగాలు, ఏ భాష, ఏ ప్రోటోకాల్. మూడో దాంట్లో అంకెలు: ఎన్ని ఏరియేటర్లు, విడిభాగాలకు ఎంత ఖర్చయింది, ఎన్ని నెలలుగా నడుస్తోంది, నిజంగా ఎన్నిసార్లు మోగింది, ఉత్తుత్తినే ఎన్నిసార్లు మోగింది. ఉత్తుత్తి లెక్క కూడా రాయమంటున్నానేమిటని ఆశ్చర్యపోకు. తన వస్తువు ఎక్కడ తప్పుతుందో లెక్కపెట్టుకున్న ఫ్రెషర్ నాకు అరుదుగా కనిపిస్తాడు.

ఇక మిగతా కాగితం. 'కరిక్యులమ్ వీటే' అని పైన పెద్దక్షరాలతో ఉన్న చోట నీ పేరు ఉండాలి. కింద ఫోన్ నంబరు, ఊరు, పేరుతో ఉన్న మెయిల్ ఐడీ. ఇప్పుడున్న ఐడీలో హీరో పేరుంది, ఆ అభిమానం నీ దగ్గరే ఉంచుకో. తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష, పెళ్లయిందా లేదా, ఇవి సంబంధాలకు పంపే బయోడేటాలో ఉండాల్సినవి. చివర "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనే డిక్లరేషన్, సంతకం సర్కారీ దరఖాస్తుల నుంచి వచ్చిన అలవాటు. ప్రైవేటు కంపెనీకి అవసరం లేదు. సవాళ్లతో కూడిన వాతావరణంలో సంస్థ ఎదుగుదలకు తోడ్పడతానన్న ఆబ్జెక్టివ్‌ని నేను ఇరవై ఏళ్లుగా చదువుతున్నాను. దాని బదులు రెండు లైన్లలో ఎంబెడెడ్ వైపు వెళ్లాలనుకుంటున్నావని, ఏం తయారు చేశావని చెప్పు.

పద్నాలుగు స్కిల్స్‌లోంచి నువ్వు సొంతంగా కోడ్ రాయగలిగినవి నాలుగో అయిదో ఉంటాయి, అవే ఉంచు. మ్యాట్‌ల్యాబ్ ల్యాబ్‌లో రెండుసార్లు తెరిచినంత మాత్రాన వచ్చినట్టు కాదు. పక్కన నాలుగు నక్షత్రాలు, ఎనభై శాతం గీతలు అసలు వద్దు. సీ లాంగ్వేజ్ ఎనభై శాతం రావడమంటే ఏమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

సర్టిఫికెట్లు తొమ్మిది పెట్టావు. అందులో ఐఐటీల ఆన్‌లైన్ కోర్సు ఎన్‌పీటెల్ ఒక్కటి బరువైనది. పరీక్షా కేంద్రానికి వెళ్లి నిఘా మధ్య రాయాల్సిన పరీక్ష కాబట్టి మార్కులతో సహా దాన్ని పైకి తీసుకురా. నీకొచ్చిన 64కి 'ఎలీట్' అని వస్తుంది, ఆ మాట కూడా రాయి. వెబినార్‌లో కూర్చున్నందుకు ఇచ్చిన కాగితాలు తీసెయ్యి.

మార్కుల దగ్గర ఒక తప్పు చేశావు, ఇది ప్రమాదకరమైనది. 6.8ని 9.5తో గుణించి 64.6 శాతం అని వేశావు. ఆ 9.5 లెక్క ఒకప్పుడు సీబీఎస్ఈ పదో తరగతికి పెట్టింది. మన జేఎన్టీయూల పద్ధతి వేరు, సీజీపీఏలోంచి కొంత తీసేసి పదితో గుణిస్తారు. ఎంత తీసేయాలో నీ బ్యాచ్‌కి వర్తించే రెగ్యులేషన్‌ని బట్టి ఉంటుంది, 0.5 అయితే 63, 0.75 అయితే 60.5. చాలా కంపెనీలు టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం అడుగుతాయి కాబట్టి బీటెక్‌లో నువ్వు ఎలాగూ ఆ గీత దాటే ఉన్నావు. కావాలని చేయకపోయినా, రేపు వెరిఫికేషన్‌లో అంకె తేడా వస్తే పెంచి రాశావనే అంటారు. సీజీపీఏ 6.8 అని రాసి ఊరుకో, శాతం అడిగిన ఫారాల్లో మాత్రం యూనివర్సిటీ లెక్క ప్రకారం వెయ్యి. బ్యాక్‌లాగ్‌ల ప్రస్తావన రెజ్యూమెలో అక్కర్లేదు. ఫారంలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇంటర్వ్యూలో అడిగితే చెరువు కథ చెప్పు, అది సాకులా వినిపించదు, ఎందుకంటే దాని చివర నువ్వు తయారు చేసిన వస్తువుంది.

రంగులు, రెండు కాలమ్‌లు, ఫొటో ఉన్న ఆ డిజైన్ మార్చు. ఒక పరీక్ష చెబుతాను. నీ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి కాపీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యి. నేను నీ ఫైలుతో చేసి చూశాను. నీ ఫోన్ నంబరు మధ్యలోకి ఇంటర్ మార్కులొచ్చి పడ్డాయి, స్కిల్స్ అసలు రాలేదు, అవి బొమ్మలో ఉన్నాయి కాబట్టి. చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్లకు కనపడేది ఇంచుమించు అలాంటి ముక్కలే. అరవై చోట్ల నుంచీ ఉలుకూ పలుకూ లేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. ఒకే కాలమ్, మామూలు ఫాంట్, ఒక్క పేజీ. ఫైలు పేరు 'రెజ్యూమె ఫైనల్ న్యూ 3' అని కాకుండా నీ పేరు, నువ్వు కోరే ఉద్యోగం.

ఇంగ్లీషు సరిచేయించుకోవడానికి చాట్‌జీపీటీని వాడుకో, తప్పులేదు. మొత్తం రాసిపెట్టమని మాత్రం అడగకు. అడిగావంటే నీ చెరువుని కూడా అందరి ప్రాజెక్టుల్లాగే చేసి ఇస్తుంది.

ఇప్పుడు నీ ఫ్రెండు మాట. వెళ్లొద్దు. నీతి కోసమని చెబితే నీకు రుచించకపోవచ్చు, లెక్క చెబుతాను. నువ్వు పాసైంది 2025లో. ఇప్పుడు రెండేళ్ల అనుభవం చూపించాలంటే అందులో చాలా భాగం నువ్వు క్లాసులో ఉన్న రోజుల్లో పడుతుంది, నీ మెమో మీది తేదీలే నిన్ను పట్టిస్తాయి. తేదీలు సర్దినా పీఎఫ్ ఉంది. 2014లో యూఏఎన్ అనే, ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు వచ్చినప్పటి నుంచి ఎవరు ఎక్కడ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పనిచేశారో ఒక్క చోట కనిపిస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు చాలాచోట్ల అదే అడుగుతున్నారు. ఉద్యోగంలో చేరి ఏడెనిమిది నెలలయ్యాక దొరికిపోయి, సాయంత్రానికల్లా ల్యాప్‌టాప్ అప్పజెప్పి వచ్చేసిన పిల్లలు నా ముందు కూర్చుని ఏడ్చారు. కన్సల్టెన్సీకి కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. వాళ్లు చేసిన నిజమైన ఎనిమిది నెలల పనిని కూడా ఇంకెక్కడా చెప్పుకోలేకపోయారు. ఆ డబ్బుతో మంచి మల్టీమీటరు, నాలుగు మాడ్యూళ్లు కొనుక్కో.

దరఖాస్తుల సంగతి. అరవై చోట్లకి ఒకే కాగితం పంపే బదులు, ఎంబెడెడ్ ఉద్యోగాలకొకటి, టెస్టింగ్ ఉద్యోగాలకొకటి, రెండు రకాలు తయారు చేసుకుని పదిహేను చోట్లకి చూసి పంపు. మెయిల్ ఖాళీగా పంపకుండా నాలుగు లైన్లు రాయి, అందులో ఒక లైను చెరువు గురించే. ఆక్వా పరికరాలు తయారు చేసే సంస్థలను మర్చిపోకు. వాళ్లకి నీలా గట్టు మీద పెరిగి కోడ్ రాసే మనిషి దొరకడం కష్టం. దాంతోపాటు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం ఎన్‌ఏటీఎస్ పోర్టల్‌లో నమోదు చేసుకో. ఈసీఐఎల్, బీఈఎల్ లాంటి ప్రభుత్వరంగ సంస్థల గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ ఖాళీలు ఆ దారిలో వస్తుంటాయి. అక్కడ చూసేది ప్రధానంగా మార్కులే, రెజ్యూమె కాదు.

ఈ వారం చేయాల్సింది ఒకటే. మకాంకి వెళ్లి, ఆ బోర్డు ఉన్న డబ్బా మూత తీసి నాలుగు ఫొటోలు తియ్యి, చిందరవందరగా ఉన్నా సర్దకు. ఎన్నిసార్లు మోగిందో మీ నాన్నగారిని అడుగు, నిద్ర లేచింది ఆయనే కాబట్టి నీకంటే బాగా చెబుతారు. తర్వాత కోడ్‌ని అందరికీ కనపడేలా గిట్‌హబ్ సైట్‌లో పెట్టి లింకు రెజ్యూమెలో చేర్చు. పెట్టేముందు కోడ్ లోపల రాసి ఉన్న మీ నాన్నగారి ఫోన్ నంబరు తీసెయ్యడం మర్చిపోకు.